పేరు వర్తకుడిది, పట్టాలు కంపెనీవి: బ్రిటన్ సొంత వ్యాగన్ల చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

1930ల నాటి బ్రిటన్‌లో ఏ చిన్న ఊరి స్టేషన్ గూడ్స్ యార్డు ఫొటో తీసి చూసినా, బొగ్గు వ్యాగన్ల పక్క చెక్కల మీద రైల్వే కంపెనీ పేరు కంటే గనుల పేర్లు, బొగ్గు వర్తకుల పేర్లే ముందు కంటబడతాయి. మన లారీల మీద ట్రాన్స్‌పోర్టు కంపెనీల పేర్లు ఉన్నట్టే, అడుగెత్తు అక్షరాలు, వాటికి నీడలు, కింద ఊరి పేరు. పట్టాలు రైల్వేవి, ఇంజను రైల్వేది, బండి మాత్రం సరుకుదారుడిది. నమూనా రైళ్లు కట్టేవారికి ఈ వ్యాగన్లంటే ప్రాణం. ఆర్థిక చరిత్రకారులకు ఇవి వందేళ్లుగా తెగని పేచీ.

ఈ పేచీలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఈ యాజమాన్య పద్ధతి అంతకాలం ఎందుకు నిలిచింది, దానివల్ల దేశం నష్టపోయిందా అన్నది మొదటిది. ఆ వ్యాగన్లు అసలు ఎలా ఉండేవి, మన దగ్గరున్న ఆధారాలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది రెండోది. నమూనా లేఅవుట్ మీద ఏవి, ఎన్ని, ఏ కాలానివి నిలపాలి అన్నది మూడోది. మొదటిదాన్ని అర్థశాస్త్రజ్ఞులు, రెండోదాన్ని ఫొటోలు సేకరించి పుస్తకాలు వేసేవారు, మూడోదాన్ని మోడలర్లు పట్టుకున్నారు. ఎవరి గోల వారిది కావడంతో చిక్కు పెరిగింది. మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే, ఒకదానికి జవాబు ఇంకొకదానిలో దొరుకుతుంది.

రహదారిలా మొదలైన రైలుమార్గం

తొలినాళ్ల రైలుమార్గాన్ని చట్టం రహదారిగానే చూసింది. 1803లో వాండ్స్‌వర్త్ నుంచి క్రోయ్‌డన్ వరకు తెరిచిన సర్రే ఐరన్ రైల్వే మీద గుర్రాలు బండ్లు లాగేవి. బండి ఎవరిదైనా సరే, సుంకం కట్టి మార్గం వాడుకోవచ్చు. కాలువల మీద పడవలకున్న ఏర్పాటే ఇక్కడికీ వచ్చింది. 1825లో మొదలైన స్టాక్‌టన్ అండ్ డార్లింగ్‌టన్ రైల్వే కూడా ఈ ఆలోచన నుంచి పుట్టినదే. 1845 నాటి రైల్వే చట్టం సుంకం చెల్లించి సొంత బండ్లు నడుపుకునే హక్కును వర్తకులకు నిలబెట్టింది.

ఆవిరి ఇంజన్లు వచ్చాక ఒకే పట్టాల మీద ఎవరి ఇంజను వారు తోలుకోవడం కుదరని పని అయింది. అలా ఇంజను కంపెనీ చేతికి పోయినా, వ్యాగన్ మాత్రం వర్తకుడి చేతిలోనే మిగిలింది. ఇందుకు ఇరువైపులా కారణాలున్నాయి. కంపెనీలకు మార్గాలు వేయడానికే పెట్టుబడి చాలేది కాదు. లక్షల వ్యాగన్ల ఖర్చు ఇంకొకరు మోస్తామంటే వద్దనే అవసరం వాటికి లేదు. గని యజమానికి చూస్తే, బొగ్గు పైకి వచ్చిన రోజున కింద ఖాళీ వ్యాగన్ సిద్ధంగా లేకపోతే పని ఆగిపోతుంది. రైల్వే దయ మీద ఆధారపడకుండా ఉండాలంటే సొంత వ్యాగనే దారి.

ప్రమాణం ఒకటి, యజమానులు వేలమంది

ఒక కంపెనీ మార్గం మీద బయలుదేరిన వ్యాగన్ ఇంకో రెండు కంపెనీల పట్టాలు దాటి గమ్యం చేరేది. ఆ లెక్కలు తేల్చడానికి 1842లో రైల్వే క్లియరింగ్ హౌస్ ఏర్పడింది. లెక్కలు తేల్చడంతో దాని పని ఆగలేదు. ఏ మూల తయారైన వ్యాగనైనా ఏ రైలులోనైనా భద్రంగా నడవాలి కనుక, సొంత వ్యాగన్ల నిర్మాణానికి 1887లో ప్రమాణాలు విధించింది. 1907లో, 1923లో వాటిని మార్చింది. స్ప్రింగు లేని మొద్దు బఫర్లు క్రమంగా తొలగిపోయాయి. 1923 ప్రమాణం నాటికి 12 టన్నుల బొగ్గు వ్యాగన్ చట్రం పొడవు 16 అడుగుల 6 అంగుళాలు, ఇరుసుల నడిమి దూరం 9 అడుగులు.

కొలతలు ఒకటే అయినా యజమానులలో హెచ్చుతగ్గులు చాలా ఉండేవి. పవెల్ డఫ్రిన్ వంటి గని సంస్థలు, స్టీఫెన్‌సన్ క్లార్క్ వంటి టోకు వర్తక సంస్థలు వేలకు వేలు నడిపేవి. పల్లె బొగ్గు వర్తకుడికి ఒకటో రెండో ఉండేవి. అంత చిన్నవాడు కూడా వ్యాగన్ కొనగలిగాడంటే దాని వెనుక వాయిదాల ఏర్పాటు ఉంది. 1860లో మొదలైన గ్లాస్టర్ వ్యాగన్ కంపెనీ వంటి సంస్థలు వ్యాగన్లు తయారుచేసేవి, అద్దెకిచ్చేవి, ఏడేళ్ల వాయిదాల మీద అమ్మేవి. స్టేషన్ల పక్కన చిన్న చిన్న మరమ్మతు యార్డులు పుట్టుకొచ్చాయి. అలా వ్యాగన్ చుట్టూ అప్పు, అద్దె, మరమ్మతు అనే మూడు వ్యాపారాలు అల్లుకున్నాయి. పద్ధతి మార్చడమంటే వీటన్నిటినీ కదిలించడమే. ఇది గుర్తుంచుకుంటే తర్వాతి కథ తేలికగా అర్థమవుతుంది.

మార్చాలని చూసినవారు

మార్చే ప్రయత్నాలు జరగలేదనడం సరికాదు. మిడ్‌లాండ్ రైల్వే 1882 నుంచి తన మార్గాల మీది సొంత వ్యాగన్లను పదుల వేల సంఖ్యలో కొనేసింది. పాతవి అమ్మిన వర్తకులు ఆ డబ్బుతోనే కొత్తవి కొనుక్కున్నారు, సమస్య మళ్లీ మొదటికి వచ్చింది. నార్త్ ఈస్టర్న్ రైల్వే వేరే దారి పట్టింది. తన ప్రాంతపు బొగ్గును చాలావరకు తన వ్యాగన్లలోనే మోసి, 20వ శతాబ్ది మొదట్లోనే అడుగు తెరుచుకునే 20 టన్నుల హాపర్లను వాడుకలోకి తెచ్చింది. యాజమాన్యం ఒకే చేతిలో ఉన్నచోట పెద్ద వ్యాగన్ వచ్చిందన్న ఈ ఉదాహరణ చర్చలో పదేపదే వినబడుతుంది.

గ్రేట్ వెస్టర్న్ రైల్వే జనరల్ మేనేజర్ సర్ ఫీలిక్స్ పోల్ 1920ల నడుమ దక్షిణ వేల్స్‌లో 20 టన్నుల ఉక్కు వ్యాగన్లను ప్రవేశపెట్టాడు. వాటిని వాడేవారికి రవాణా రుసుములో 5 శాతం తగ్గింపు ఇచ్చాడు. రేవులో వ్యాగన్‌ను ఎత్తి ఓడలోకి బొగ్గు దొర్లించే యంత్రాలను పెద్ద వ్యాగన్లకు సరిపడేలా మార్చాడు. అయినా స్పందన ఆశించినంత రాలేదు. గని దగ్గర బొగ్గు జల్లించి నింపే కట్టడాలు, సైడింగుల వంపులు, తూకపు కాటాలు అన్నీ 10, 12 టన్నుల వ్యాగన్ కొలతకు కట్టినవి. వాటిని తిరగకట్టే ఖర్చు ముందు 5 శాతం ఏపాటి? 1926లో బొగ్గు పరిశ్రమ మీద నివేదిక ఇచ్చిన శామ్యూల్ కమిషన్ కూడా పెద్ద వ్యాగన్లు కావాలని, వాటి యాజమాన్యం ఇన్ని చేతుల్లో చెదిరి ఉండకూడదని చెప్పింది. నివేదిక వచ్చినా వ్యాగన్లు మారలేదు.

చివరకు మార్చింది యుద్ధం. 1939 సెప్టెంబరులో ప్రభుత్వం సొంత వ్యాగన్లను తన అధీనంలోకి తీసుకుని ఉమ్మడి వాడకంలో పెట్టింది. ట్యాంకు వ్యాగన్లు, కొన్ని ప్రత్యేక రకాలు మాత్రం మినహాయింపు పొందాయి. యుద్ధం తర్వాత వాటిని ఎవరివి వారికి తిరిగి ఇవ్వలేదు. 1947 రవాణా చట్టం ప్రకారం 1948 జనవరి 1న దాదాపు 5,44,000 వ్యాగన్లు జాతీయ రైల్వే సొత్తయ్యాయి. ఆనాటి మొత్తం సుమారు 12 లక్షల వ్యాగన్లలో ఇవి సగానికి కొంచెం తక్కువ. నంబరుకు ముందు 'పి' అక్షరం తగిలించుకుని అవి 1950లలో తుక్కుకు చేరుతూ పోయాయి. వాటి స్థానంలోకి 16 టన్నుల ఉక్కు వ్యాగన్ వచ్చింది.

చిన్న వ్యాగన్: తప్పా, తగినదా?

ఆర్థిక చర్చకు బీజం వేసినవాడు అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టెయిన్ వెబ్లెన్. 1915లో జర్మనీ మీద రాసిన పుస్తకంలో బ్రిటిష్ పొట్టి వ్యాగన్లను ఎగతాళి చేస్తూ, ముందుగా పారిశ్రామికీకరణ చెందిన దేశం పాత పరికరాలకు కట్టుబడిపోతుందని వాదించాడు. 1960లలో చార్లెస్ కిండిల్‌బర్గర్ దాన్ని పదునుపెట్టాడు. లోపం పరికరం పాతదవడంలో కాదు, వ్యాగన్ ఒకరిది, పట్టాలు ఇంకొకరివి కావడంలో ఉందన్నాడు. పెద్ద వ్యాగన్ వల్ల మిగిలే డబ్బు రైల్వేకు వెళ్తుంది, దాన్ని కొనే ఖర్చు గని యజమాని మీద పడుతుంది. అలాంటప్పుడు ఎవరు ముందడుగు వేస్తారు?

1997లో వా నీ వాన్ వ్లెక్ ఈ వాదాన్ని తలకిందులు చేసింది. లెక్క పట్టాల దగ్గర ఆపకూడదు, ఇంటి గుమ్మం దాకా వేయాలని ఆమె వాదన. ఊరి వర్తకుడు వారానికి అమ్మేది కొద్ది టన్నులు. పది టన్నుల వ్యాగన్ అతని స్టేషన్‌కే వచ్చి నిలిస్తే గుర్రపు బండి మీద తోలే దూరం తగ్గుతుంది. రోడ్డు మీద తోలడమే ఖరీదైన పని. కాబట్టి రైలు ఖర్చు కాస్త పెరిగినా మొత్తం ఖర్చు తగ్గింది, చిన్న వ్యాగన్ వెనకబాటు కాదు, తెలివైన ఎంపిక.

పీటర్ స్కాట్ దీన్ని ఒప్పుకోలేదు. 1999లో బదులు రాసి, 2001లో విస్తృతమైన వ్యాసంతో తన వాదం వినిపించాడు. ఇళ్లకు వెళ్లే బొగ్గు మొత్తంలో ఒక భాగమే. రేవులకు, గ్యాసు కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు, ఉక్కు మిల్లులకు వెళ్లేది పెద్ద మొత్తాల్లో పోయే సరుకు. అక్కడ చిన్న వ్యాగన్ నష్టమే. ఎవరి పెట్టుబడి వారిదిగా ముక్కలైపోవడంతో అందరికీ లాభమైన మార్పు ఎవరికీ చేతకాలేదన్నది అతని నిర్ణయం.

రెండు పక్షాలను పక్కపక్కన పెడితే:

- ఏ లెక్క? వాన్ వ్లెక్ గని నుంచి గుమ్మం దాకా అయ్యే మొత్తం ఖర్చు చూస్తుంది. స్కాట్ బొగ్గు ఎవరికి చేరుతుందో విడదీసి చూస్తాడు.
- ఎవరి బొగ్గు? మొదటి వాదానికి పల్లె వర్తకుడు ఆధారం, రెండోదానికి రేవు, కర్మాగారం.
- దోషం ఎవరిది? మొదటి వాదంలో దోషమే లేదు. రెండోదానిలో అది ఏ ఒక్కరిదీ కాదు, చెదిరిన యాజమాన్యానిది.
- బలహీనత? మొదటిది నార్త్ ఈస్టర్న్ హాపర్లకు సమాధానం చెప్పుకోవాలి. రెండోది చిన్న వర్తకుడు ఎందుకు చిన్న వ్యాగన్‌నే కోరుకున్నాడో ఒప్పుకోవాలి.

నిజానికి వీరిద్దరూ వేర్వేరు రైళ్ల గురించి మాట్లాడుతున్నారు. పల్లె స్టేషన్‌లో నిలిచిన వ్యాగన్ వర్తకుడికి గోదాము కూడా. డెమరేజీ పడకుండా ఉన్నంతకాలం అందులోంచే తట్టలతో అమ్ముకునేవాడు. రేవుకు పోయే రైలులో అదే వ్యాగన్ వట్టి బరువు. మన రామగుండం దగ్గర ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి సింగరేణి బొగ్గు తెచ్చే వలయపు రైళ్లను చూస్తే స్కాట్ మాట అర్థమవుతుంది. గని ఒకవైపు, కొనేవాడు ఒక్కడు ఇంకొకవైపు, అడుగు తెరుచుకునే వ్యాగన్లు నడుమ తిరుగుతుంటాయి. బ్రిటన్‌లో ఈ పద్ధతి 1960ల నడుమ వచ్చింది. కొనేవారు వేలమంది ఉన్న కాలంలో అది ఇళ్ల బొగ్గుకు పనికొచ్చేది కాదు.

రంగుల తగాదా

రెండో ప్రశ్నలో అసలు చిక్కు ఆధారాలది. ఈ వ్యాగన్ల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం తయారీ సంస్థలు తీయించుకున్న ఫొటోల నుంచి వచ్చింది. గ్లాస్టర్ సంస్థ ఫొటోలు ఈనాడు గ్లాస్టర్‌షైర్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. బిల్ హడ్సన్, కీత్ మాంటేగ్, కీత్ టర్టన్, ఇయాన్ పోప్ వంటి సంకలనకర్తల పుస్తకాలు ఇలాంటి ఫొటోల మీద, వర్తకుల చరిత్రల మీద నిలిచాయి. 1950లో ఏర్పడిన హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ డ్రాయింగులు, ఫొటోలు కూడబెట్టింది.

ఈ సంపదను తక్కువ చేయనక్కర్లేదు, కానీ దాని వంపు తెలుసుకోవాలి. తయారీదారు ఫొటోలో వ్యాగన్ అప్పుడే రంగు వేసుకున్న పెళ్లికూతురు. ఆరు నెలల తర్వాత బొగ్గు మసిలో అదెలా ఉండేదో ఆ ఫొటో చెప్పదు. పైగా ఎవరి ఫొటోలు మిగిలాయో వారి ఖాతాదారులే ఎక్కువ కనిపిస్తారు. గ్లాస్టర్ ఖాతాదారులు దక్షిణ వేల్స్, మిడ్‌లాండ్స్, నైరుతి ఇంగ్లండ్ వైపు ఎక్కువ. స్కాట్లండ్, లాంకషైర్ వ్యాగన్ల జాడ పుస్తకాల్లో పలుచబడటానికి ఇదీ ఒక కారణం.

ఇక రంగు. ఆనాటి ఫొటో పలకలు నీలానికి బాగా స్పందించేవి, ఎరుపుకు దాదాపు స్పందించేవి కావు. అందువల్ల ఫొటోలో ఎర్ర వ్యాగన్ నల్లగా, నీలం వ్యాగన్ తెల్లబారి కనిపిస్తుంది. ముదురు పక్క చెక్కల మీద తెల్లని అక్షరాలు చూసి నలుపని రాసినవి నిజంలో ఇటుకరంగువి కావచ్చు. కొన్ని గ్లాస్టర్ ఫొటోల్లో రంగుల వివరాలు రాసిన పలక కూడా ఉండటం అదృష్టం. అది లేనిచోట రాసినదంతా ఊహకు దగ్గర. జాగ్రత్త గల సంకలనకర్తలు ఆ ఊహను ఊహగానే చెబుతారు. చిక్కంతా, ఆ మాట మూడో పుస్తకానికి వచ్చేసరికి నిజమై కూర్చోవడంలో ఉంది.

మోడలర్ల మూడు దారులు

నమూనాల లోకంలో ఈ వ్యాగన్లకు పాత చరిత్రే ఉంది. 1920లలోనే హార్న్‌బీ రేకు బొమ్మలు పెట్రోలు, బిస్కెట్ల కంపెనీల పేర్లతో వచ్చాయి. ఆనాటి నుంచి ఈనాటి దాకా మూడు ధోరణులు కనిపిస్తాయి.

మొదటిది సేకరణ. రంగు, పేరు, పరిమిత సంఖ్యలో వచ్చిన ముద్రణ అన్నవే ఇందులో విలువ. తయారీదారుకు కొత్త అచ్చు ఖరీదైనది, కొత్త పేరు అచ్చేయడం చౌక. అందుకే ఒకే ఏడు చెక్కల వ్యాగన్ మీద పదుల పేర్లు వస్తాయి, అందులో కొందరి అసలు వ్యాగన్లు ఐదు చెక్కలవైనా సరే. చిన్న వ్యాగన్‌ను పుట్టించినట్టే, తప్పు నమూనాను పుట్టించేదీ లెక్కల పుస్తకమే.

రెండోది కచ్చితత్వం. ఒక్కో వ్యాగన్‌కు ఫొటో, తేదీ, ప్రమాణం ఉండాలంటారు. అడుగుకు 4 మిల్లీమీటర్ల కొలతలో 1923 వ్యాగన్ 66 మిల్లీమీటర్లు, ఇరుసుల దూరం 36. అంతకుముందరి 15 అడుగుల వ్యాగన్ 60 మిల్లీమీటర్లే. ఆ 6 మిల్లీమీటర్ల తేడా తెలిసినవారికి, 1905 నాటి రంగులు 1923 నాటి పెట్టె మీద కనబడితే కంట్లో నలుసే. వ్యాగన్ ఏ చివర తలుపు తెరుచుకుంటుందో చెప్పే ఏటవాలు తెల్ల గీతను కూడా వీరు వదలరు.

మూడోది రైలు మొత్తాన్ని చూసే ధోరణి. ఒక్కో వ్యాగన్ ఎంత సరిగా ఉన్నా, ఇరవై వ్యాగన్ల మీద ఇరవై పేర్లుంటే ఆ రైలు అబద్ధమంటారు వీరు. గని నుంచి వచ్చే రైలులో ఒకే పేరు వరసగా, మసిపట్టి, పునరావృతం కావాలి. ప్రదర్శనకు ఇది తక్కువ, చరిత్రకు ఎక్కువ.

కాలాన్ని బట్టి కొలబద్ద

మూడు ధోరణులనూ యాజమాన్య చరిత్రతో కలిపితే, ఏ లేఅవుట్‌కైనా వర్తించే కొలబద్ద దొరుకుతుంది.

- 1887కు ముందు: కొలతలు ఎవరివి వారివి. మొద్దు బఫర్లు మామూలు. ఒకే అచ్చు నమూనాలు ఈ కాలానికి దాదాపు పనికిరావు.
- 1887 నుంచి 1939: వ్యాగన్ తన యజమాని దగ్గరికే తిరిగి వస్తుంది. నిండుగా ఒకవైపు, ఖాళీగా మరోవైపు. పల్లె స్టేషన్‌లో ఆ ఊరి వర్తకుడివి, ఆ ప్రాంతానికి బొగ్గు పంపే గనులవి, టోకు వర్తకులవి మాత్రమే కనబడాలి. కార్డిఫ్ రేవుకు బొగ్గు పంపే గని వ్యాగన్ స్కాటిష్ కొండల్లో కనిపిస్తే దానికి కారణం చూపాలి.
- 1939 నుంచి 1948: ఉమ్మడి వాడకం. ఏ పేరైనా ఎక్కడైనా ఉండవచ్చు. కానీ రంగు వెలిసి, మార్చిన చెక్కలకు రంగు లేకుండా, పేరు ముక్కలై ఉండాలి.
- 1948 తర్వాత: 'పి' నంబర్లు, వెలిసిన అక్షరాల ఆనవాళ్లు, వాటి నడుమ పెరుగుతున్న ఉక్కు వ్యాగన్లు. పెట్రోలు ట్యాంకులు మాత్రం కంపెనీ పేర్లతోనే తిరిగాయి.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. రకరకాల పేర్లు కలగలిసిన రైలు కావాలనుకునేవారికి చరిత్ర ఒప్పుకునే కాలం యుద్ధకాలమే. మెరిసే రంగులు కావాలనుకునేవారికి అదే కాలం కుదరదు. ఈ రెండు కోరికలూ ఒకే రైలులో తీరవు. దుకాణాల్లో దొరికే నమూనాలు మాత్రం రెండూ తీరుస్తామని వాగ్దానం చేస్తాయి.

ఇంకా తేలనివి

వాన్ వ్లెక్, స్కాట్‌ల వాదనల తర్వాత కూడా ఖాళీ వ్యాగన్ల లెక్క తేలలేదు. ప్రతి ఖాళీ తన యజమానిని వెతుక్కుంటూ వెళ్లాలి కనుక, యార్డుల్లో వాటిని విడదీసే శ్రమకు ఎంతయిందో, అందులో ఎంత వ్యాగన్ చిన్నదైనందువల్ల, ఎంత యజమాని వేరైనందువల్ల అన్నది విడదీసి చెప్పడం కష్టం. ఉమ్మడి యాజమాన్యంలో చిన్న వ్యాగన్లే నడిచి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు యుద్ధకాలపు అనుభవం కొంత జవాబిస్తుంది. కానీ యుద్ధకాలం మామూలు కాలం కాదు.

ఆధారాల వైపు, మిగలని ఫొటోల ప్రాంతాలను లెక్కపుస్తకాలతో, రిజిస్ట్రేషన్ వివరాలతో పూరించే పని ఇంకా సాగుతోంది. రంగు విషయంలో చివరిమాట చెప్పగలిగింది మిగిలిన కొద్ది అసలు చెక్కలే. యాజమాన్యం ప్రశ్న కూడా బ్రిటన్‌లోనే ముగిసిపోలేదు. భారతీయ రైల్వే 1992లో 'ఓన్ యువర్ వ్యాగన్' పథకంతో ప్రైవేటు పెట్టుబడిని వ్యాగన్లలోకి పిలిచింది. ఆ పిలుపు రూపాలు మార్చుకుంటూ నేటికీ కొనసాగుతోంది. వ్యాగన్ ఎవరిది, ఖాళీ ఖర్చు ఎవరిది అన్న పాత ప్రశ్న అక్కడా ఎదురవుతుంది.

తీర్పు చెప్పాల్సివస్తే ఇది. చిన్న వ్యాగన్ పల్లెకు తగినది, రేవుకు తగనిది. తప్పు వ్యాగన్ సైజులో లేదు, రెండు చోట్లకూ ఒకే వ్యాగన్ పంపక తప్పని యాజమాన్యంలో ఉంది. మోడలర్‌కు దీని అర్థం సూటిగా ఉంటుంది. వ్యాగన్ కొనేముందు దాని రంగు సరైనదా అని అడగడం రెండో ప్రశ్న కావాలి. ఈ వ్యాగన్ ఎవరిది, ఎక్కడ నిండింది, ఖాళీ అయ్యాక ఎక్కడికి పోవాలి అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగితే, రంగు కాస్త అటూఇటూ అయినా ఆ రైలు నిజమైనదే.